సగం అన్నంలో లేచినవాళ్లు

బిడ్డా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పిందంతా ఊఁ కొడుతూ విన్నానే గాని జవాబు చెప్పలేదు. దానికి నువ్వు కాస్త అలిగినట్టున్నావు. మసిలే నూనెలో నీళ్లు చల్లకూడదని ముప్పయ్యారేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి నేర్చుకున్నాను. ఇప్పటికి నువ్వు చల్లారి ఉంటావు. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పెడదామనుకుంటే మీ పెద్దమ్మ "చెప్పేదేదో కడుపునిండా రాయి" అంది. అందుకే కాగితం ముందేసుకున్నాను.

నేను విన్నది విన్నట్టు చెప్తాను, తప్పుంటే దిద్దు. నెల రోజులు రాత్రింబవళ్లు చేసిన పని ఒడ్డున పడిందని మీ ఆఫీసు వాళ్లంతా హోటల్లో భోజనానికి కూర్చున్నారు. రాత్రి పదకొండు గంటలకు మేనేజరు నుంచి ఇంకో పని వచ్చి పడింది. నీ స్నేహితుడు పళ్లెం పక్కకు నెట్టి లేచాడు. చేతులు జోడించి, నడుము వంచి, ఫోనుకు దండం పెట్టి "బాంచెన్ దొరా, కాల్మొక్కుతా" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వూ సగం నవ్వావు. అంతటితో ఆగి ఉంటే నాకు ఈ ఉత్తరం రాసే పని లేకపోయేది. "మనకీ ఆ వెట్టోళ్లకీ తేడా ఏముందిరా? వాళ్లే నయం. పొద్దుగూకితే ఇంటికి పోయి పండుకునేటోళ్లు. వాళ్లకు లాప్‌టాప్ లేదు" అన్నాడు. నీ నవ్వు అక్కడ ఆగిపోయింది. "మీ తాతలు చేయించుకున్నోళ్లు. నీకేం తెలుస్తది?" అన్నావు. వాడు కూర్చున్న కుర్చీలోంచి బ్యాగు తీసుకొని వెళ్లిపోయాడు. మూడు వారాలైంది. పక్కపక్కనే కూర్చుని పని చేస్తున్నారు, మాటల్లేవు.

"నేనేమన్నా తప్పు చేసిన్నా పెద్దబాపూ?" అని అడిగావు. నువ్వు నొచ్చుకోవడంలో తప్పు లేదు. వాణ్ని నొప్పించడంలో ఉంది. ఈ రెండూ విడివిడిగా చెప్తాను.

మీ నాయినమ్మ పోయేనాటికి నీకు ఆరేళ్లు. ఆమె చంకన ఎక్కిన సంగతి గుర్తుంటుందేమో గాని, ఆమె అన్నం తినే తీరు నువ్వు గమనించి ఉండవు. అవ్వ ఎప్పుడూ మాతో కలిసి గోడకానుకుని తినలేదు. పీట వేసినా కూర్చునేది కాదు. గడప దగ్గర గొంతుక్కూర్చుని, ముఖం వాకిలి వైపు పెట్టుకుని, ఎడమచెయ్యి నేలకు ఆనించి తినేది. ఏ క్షణమైనా లేవడానికి తయారుగా ఉండే మనిషి కూర్చునే తీరు అది. వీధిలో ఎవరైనా గట్టిగా కేకేశారంటే, ఆ కేక ఎవరి కోసమో కానీ, బర్రెను అదిలించేవాడిదే కానీ, చేతిలో ముద్ద నోటి దాకా పోయేది కాదు. పళ్లెంలో పడేసేది. మెతుకులంటిన చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ లేచి నిలబడేది. నిలబడ్డాక గుర్తొచ్చేది, ఇది తన ఇల్లని, దొర గడీ సద్దు మణిగి నలభై ఏళ్లయిందని. మళ్లీ కూర్చునేది. ఒక్కోసారి కూర్చునేది కాదు. "ఆకలి సచ్చిపోయింది తీ" అని పళ్లెం కడిగేసేది.

పది పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి అవ్వ తన తల్లి వెంట గడీకి పోయింది. మనది చాకలి ఇల్లు. బట్టలు ఉతకడం ఒక్కటే అయితే అది వృత్తి అనుకోవచ్చు. గడీలో గిన్నెలు తోమాలి. వడ్లు దంచాలి. కారం దంచాలి, పసుపు దంచాలి. చుట్టాలొస్తే కాళ్లకు నీళ్లివ్వాలి. సుంకరి వచ్చి వాకిట్లో నిలబడి పిలిచాడంటే నోట్లో ముద్ద నోట్లో ఉండగానే లేవాలి. పొద్దుగూకితే పని అయిపోయినట్టని గడియారం చెప్పదు, గడీ చెప్పాలి. పురుడొచ్చినా పిలుపే, చావొచ్చినా పిలుపే. ఒకసారి తమ్ముడికి జ్వరం కాస్తోందని తల్లి అరపూట ఆగి పోయింది. ఆ సాయంత్రం గడీ వాకిట్లో వీపు మీద రాయి పెట్టి ఆమెను వంగబెట్టారట. అవ్వ ఈ సంగతి నాకు ఒకే ఒక్కసారి చెప్పింది. రెండోసారి అడిగితే "నాకు యాదిలేదు" అంది.

మన ఇంటికే కాదు. నిజాం పాలనలో మన దిక్కు ఊళ్లలో ఏ వృత్తికి ఆ వెట్టి ఉండేది. కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టి మోటకు తోలు కట్టాలి, గౌడ కల్లు పొయ్యాలి, గొల్ల గొర్రెపిల్లను తోలాలి. దౌరాకు అధికారి వచ్చాడంటే ఊరంతా పోషించాలి. దేనికీ పైసా లేదు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదలైన ఆంధ్రమహాసభ పోను పోను ఈ వెట్టి మీద జనాన్ని నిలబెట్టింది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖు మనుషులు కాల్చితే దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. పాలకుర్తిలో కౌలు చేసుకునే నాలుగెకరాల పంట మీద చెయ్యి వెయ్యనివ్వనని నిలబడ్డ చిట్యాల ఐలమ్మది మన వృత్తే. కోఠిలో నువ్వు బస్సులో దాటిపోయే మహిళా విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆమె పేరు పెట్టారు. ఇంత నెత్తురు ఖర్చు పెడితే గాని మీ నాయినమ్మ అన్నం ముందు నుంచి లేవకుండా ఉండే హక్కు రాలేదు. హక్కు వచ్చింది గాని అలవాటు పోలేదు.

కాబట్టి "వాళ్లే నయం" అన్న మాట నీకు గుచ్చుకుందంటే అది నీ సున్నితం కాదు, నీ రక్తం.

ఇక రెండో వైపు చూడు. నీ స్నేహితుడు కూడా ఆ రాత్రి సగం అన్నంలో లేచాడు. నువ్వే చెప్పావు, పళ్లెం పక్కకు నెట్టి లేచాడని. పదకొండు గంటల రాత్రి తిండి మీద నుంచి లేపిన పిలుపుకు కాదనలేక లేచిన మనిషికి, చిన్నప్పటి నుంచి సినిమాల్లో చూసిన, ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్న "బాంచెన్" అన్న మాట గుర్తురావడం వింతేమీ కాదు. వాడి అలసట అబద్ధం కాదు. ఆ అలసటకు తగ్గ మాట చేతికందక, గోడకు వేలాడుతున్న పెద్ద కత్తిని అందుకున్నాడు. కూరగాయలు తరగడానికి కత్తిపీట చాలని తెలియదు వాడికి.

పోలిక అన్నది రెండు రకాలుగా ఉంటుందిరా. ఒకటి పక్కన కూర్చునేది. "మీ నాయినమ్మ పడ్డ కష్టంలో ఆవగింజంత నాకూ తెలిసొచ్చిందిరా ఈ రాత్రి" అని వాడు అని ఉంటే నువ్వు వాడి భుజం మీద చెయ్యి వేసేవాడివి. రెండోది ఎదుటివాడి నెత్తినెక్కి కూర్చునేది. "మా కష్టం ముందు మీదేపాటి?" అనేది. "బాంచెన్ దొరా" దగ్గర నువ్వు సగం నవ్వావు, "వాళ్లే నయం" దగ్గర ఆగిపోయావు చూడు, నీ మనసుకు ఈ తేడా ముందే తెలుసు. నీ నోటికి తెలియలేదు, అంతే.

వెట్టి అన్న మాటను ఎవరూ వాడకూడదని నేనంటానేమో అనుకునేవు. అనను. మీ పెద్దమ్మ మా పెళ్లయిన పదో ఏట ఒకనాడు చెంబు నేలకేసి కొట్టి "ఈ ఇంట్లో నాది వెట్టిచాకిరీ" అంది. నేను పంతులును కదా, వెట్టి అంటే ఏమిటో పాఠం చెప్పబోయాను. మనసులో గుర్తులు లెక్కపెట్టుకున్నాను. కూలి లేదు. కాదనే వీలు లేదు. ఆదివారం లేదు. తల్లి చేసిందే కూతురికి వచ్చింది. నాలుగింటికి నాలుగూ సరిపోయాయి. నోరు మూసుకుని గిన్నెలు తోమడానికి పోయాను. ఆ రోజు నుంచి రాత్రి గిన్నెలు నావే.

ఆ గుర్తులతోనే నీ స్నేహితుడి ఉద్యోగాన్ని కొలువు. నెల తిరిగేసరికి జీతం పడుతుంది. మనసు విరిగితే రాజీనామా పెట్టి పక్క కంపెనీకి పోవచ్చు. కష్టమే, అప్పులుంటాయి, ఇంటి కిస్తీ ఉంటుంది, అయినా తలుపు ఉంది. వాడి కొడుకు అదే మేనేజరు కొడుకుకు దండం పెట్టాలని ఎక్కడా రాసిలేదు. అందుకని వాడిది కష్టం కాకుండా పోదు. వేరే కష్టం అంతే. దానికి వేరే పేరుంది, వేరే మందు ఉంది.

ఈ మాటను సాగదీయడం తప్పే అయితే ముందు సుప్రీంకోర్టునే తప్పుపట్టాలి. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు కట్టిన కూలీల కేసులో 1982లో తీర్పు వచ్చింది. ఆ కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసలు కనీస వేతనం. అందులో రూపాయి జమాదారు కోసుకునేవాడు. కొరడా లేదు, గడీ లేదు, వాళ్లంతట వాళ్లే పనికి వచ్చారు. అయినా కనీస వేతనం కన్నా తక్కువకు మనిషి పని చేస్తున్నాడంటే వాణ్ని ఆకలి నెడుతోందని, అది కూడా బలవంతపు చాకిరీయేనని కోర్టు చెప్పింది. అప్పట్లో పేపర్లో చదివి స్టాఫ్‌రూమ్‌లో అందరికీ వినిపించాను. మాటను సాగదీశారు, కానీ ఎటువైపు సాగదీశారో చూడు. రూపాయి పోగొట్టుకుంటున్నవాడి మీద కప్పడానికి సాగదీశారు.

ఇవాళ్టికీ ఆ దుప్పటి అవసరమైనవాళ్లు ఉన్నారు. ఒడిశాలోని బలాంగీర్ లాంటి చోట్ల నుంచి అడ్వాన్సు తీసుకుని, పిల్లాపాపలతో మన ఇటుక బట్టీలకు వచ్చి, అడ్వాన్సు తీరేదాకా కదలడానికి వీల్లేక చిక్కుకునే కూలీలున్నారు. అధికారులు పోయి విడిపించిన వార్త అప్పుడప్పుడూ జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తుంది. హోటల్లో నవ్వుకోవడానికి వాడి వాడి ఆ మాటను అరగదీశామనుకో, వాళ్ల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఎవరి చెవికీ ఎక్కదు.

ఇంకో సంగతి. పెద్ద మాట అరువు తెచ్చుకున్నవాడికే ముందు నష్టం. నీ స్నేహితుడు "నెల నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు, రాత్రి పదకొండు తర్వాత పని చెప్పొద్దని మేనేజరుకు మనందరం కలిసి చెబుదాం" అని ఉంటే ఆ బల్ల మీద వాడితో నలుగురు చేతులు కలిపేవారు. "బాంచెన్ దొరా" అన్నాడు, నవ్వేసి లాప్‌టాప్‌లు తెరిచారు. వాడి బాధ వాడి జోకు కిందే పడి నలిగిపోయింది.

నువ్వు వాడితో ఎలా మాట్లాడాలో చెప్పే ముందు నా తప్పొకటి చెప్పాలి. ఇంతవరకు మీ నాన్నకు కూడా చెప్పలేదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది పోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు అడిగిన రోజులవి. మా బడి పిల్లలతో నేనూ ఊరంతా తిరిగి బట్టలు, బియ్యం పోగుచేశాను. అంటే ఏమీ తెలియనివాణ్ని కాను. మరుసటి వేసవిలో పదో తరగతి ఫలితాలొచ్చాయి. నలభై మందిలో ఆరుగురు పాసయ్యారు. స్టాఫ్‌రూమ్‌లో పేపరు చేతిలో పట్టుకుని "మన బడికి దివిసీమ ఉప్పెన వచ్చిపోయింది. ఆరుగురు ఒడ్డున పడ్డారు" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. నవ్వించానని నాకూ గర్వంగానే ఉంది. మా లెక్కల మాస్టారు ఒక్కరు నవ్వలేదు. ఆయనది అవనిగడ్డ వైపు. చేతిలో ఉన్న జాబితాను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని బయటికి పోయారు. నేను గమనించాను గాని, ఫలితాల దిగులనుకున్నాను.

సాయంత్రం బస్సు కోసం నడుస్తుంటే ఆయన నా పక్కకు వచ్చారు. వెంట ఎవరూ లేని చోటు దాకా ఏమీ అనలేదు. తర్వాత అన్నారు: "మాస్టారూ, మా మేనమామ గారింట్లో ఏడుగురికి ఒక్కడు మిగిలాడండి. ఆ మాట మీ నోట వినడం నాకు కష్టంగా ఉంది." నా కాళ్లు ఆగిపోయాయి. ఏం చెప్పాలో తోచక నిలబడ్డాను. ఆయన ఆగలేదు, నన్నూ నడిపిస్తూ, "సరే గాని, ఫెయిలైన పిల్లలు మళ్లీ రాయాలి కదా. సాయంత్రాలు లెక్కలు నేను చెప్తాను, సాంఘికం మీరు చెప్పండి" అన్నారు. బస్సు వచ్చింది. ఎక్కాం. టికెట్టు ఆయనే తీశారు.

ఆ ముప్పయ్నాలుగు మందికి మూడు నెలలు కలిసి పాఠాలు చెప్పాం. ఆ తర్వాత నేను ఉప్పెన అన్న మాటను ఉప్పెనకు తప్ప దేనికీ వాడలేదు.

ఆయన చేసింది ఎంత కొంచెమో చూడు. నలుగురిలో అనలేదు. నా గుణం గురించి ఒక్క ముక్క ఎత్తలేదు, తన ఇంటి సంగతి చెప్పారు. ఒక్కసారి చెప్పి వదిలేశారు. పైగా నా జోకు వెనక ఉన్న అసలు బాధ, పిల్లలు తప్పారన్న బాధ, దాన్ని ఆయన పట్టించుకున్నారు. అదే ఆయన నలుగురిలో "నీకు మనసుందా?" అని ఉంటే నేను నా జోకును సమర్థించుకోవడానికి వంద కారణాలు వెతికేవాణ్ని. ఇవాళ్టికీ వెతుకుతూనే ఉండేవాణ్నేమో.

నువ్వేం చేశావు? "మీ తాతలు చేయించుకున్నోళ్లు" అన్నావు. తాత చేసిన పాపానికి మనవణ్ని వంగబెట్టి వీపు మీద రాయి పెట్టావు. పుట్టుకను బట్టి మనిషికి శిక్ష వెయ్యడం గడీ పద్ధతిరా, మనది కాదు. పైగా ఆ మాట తర్వాత వాడు తన పోలిక తప్పా ఒప్పా అని ఆలోచించుకునే వీలే లేకుండా చేశావు. వాడు ఇప్పుడు తన తాత గురించే ఆలోచిస్తూ ఉంటాడు.

ఇంకో మాట అడుగుతాను, కోప్పడకు. నాలుగేళ్లుగా ఒకే గదిలో ఉన్నారు, ఒకే చాయ్ పంచుకున్నారు. మీ నాయినమ్మ సంగతి వాడికి ఎప్పుడన్నా చెప్పావా? చెప్పలేదు. "మా తాతలది ఎవుసం" అని చెప్పావని నాకు తెలుసు. నిన్ను తప్పుపట్టను, నేనూ చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. మనకు అది సిగ్గనిపించింది. చేయించుకున్నవాళ్లకు రావలసిన సిగ్గు చేసినవాళ్ల ఇళ్లలో దాచుకున్నాం. దాచిపెట్టిన పుండు మీద స్నేహితుడి చెయ్యి పడింది. పడిన చెయ్యి మోటుదే, కాని అక్కడ పుండుందని దానికి తెలియదు. నువ్వు కాలేజీ హాస్టలును అండమాన్ జైలనేవాడివి గుర్తుందా? ఎవరూ నొచ్చుకోలేదు. వినేవాళ్లలో ఎవరి తాతా ఆ జైల్లో మగ్గలేదు కాబట్టి. అనేవాడికి మాట ఎప్పుడూ తేలిగ్గానే ఉంటుంది. దాని బరువు వినేవాడి ఇంట్లో ఉంటుంది.

ఇప్పుడు పోయి మాట్లాడు. ఫోనులో టైపు చెయ్యకు. ఆఫీసులో వద్దు. మీరు ఎప్పుడూ పోయే ఆ ఇరానీ హోటలుకు తీసుకుపో. ముందు నీ తప్పు ఒప్పుకో: "మీ తాతను అనడం నాది తప్పురా." అంతే, అక్కడ ఆపు. దాని పక్కనే "కాని" అని మొదలుపెట్టకు. క్షమాపణ వెనక "కాని" వచ్చిందంటే ముందు చెప్పిందంతా కొట్టుకుపోతుంది. చాయ్ సగం అయ్యేదాకా ఆగు. వాడు ఏమన్నా అననీ. తర్వాత చెప్పు: "నువ్వు అలసిపోయిన మాట నిజం. వెట్టోళ్లే నయం అన్నది మాత్రం నాకు గుచ్చుకుంది. మా నాయినమ్మ ఆ పని చేసింది." ఈ మూడు ముక్కలు చాలు. కడవెండి తేదీ, 23వ అధికరణం, ఇవన్నీ నీకోసం రాశాను. వాడి మీద విసరడానికి కాదు. అడిగితే చెప్పు. అడక్కపోతే అవి నీ దగ్గరే ఉండనీ, పాడైపోవు.

వాడు "అయ్యో, నాకు తెలియదురా" అన్నాడనుకో, సాగదీయకు. మాట మార్చు, వాడి నిద్ర సంగతి అడుగు. "జోకుకు కూడా ఇంత పట్టింపేందిరా" అన్నాడనుకో, నాయినమ్మ అన్నం తినే తీరు ఒక్కటి చెప్పి ఊరుకో. అప్పటికీ ఒప్పుకోలేదనుకో, ఒప్పించే దాకా లేవనని పట్టుబట్టకు. నాకు ఇది సమ్మతం కాదని తేల్చి చెప్పడం నీ పని. వెంటనే తలూపడం వాడి మీద నీకున్న బాకీ కాదు. కొన్ని మాటలు చెప్పిన రోజు మొలకెత్తవు. నచ్చని మాట ఒకటి మధ్యలో ఉన్నా నడిచే స్నేహమే స్నేహం. ఇన్నాళ్లూ మీ మధ్య అలాంటిది ఒక్కటీ రాలేదు కాబట్టి అది గట్టిదో కాదో మీకింకా తెలియదు.

అయితే ఒక హద్దు కూడా చెప్తాను. తెలిశాక కూడా, నువ్వు చెప్పాక కూడా, నిన్ను ఉడికించడానికే వాడు మళ్లీ నలుగురిలో చేతులు కట్టుకుని వంగి దండం పెట్టాడనుకో, అప్పుడు లేచి వచ్చెయ్యి. తెలియక అన్నవాడికి చెప్పాలి. తెలిసి అన్నవాడికి దూరం కావాలి. నువ్వు చెప్పిన దాన్ని బట్టి వాడు రెండో రకం మనిషిలా నాకు అనిపించలేదు. పోయినేడు మీ నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు రెండు రాత్రులు ఆస్పత్రి బెంచీ మీద పడుకున్నది వాడే కదా. ఒక రాత్రి నోరు జారిన మనిషిని ఆ రెండు రాత్రులతో కలిపి లెక్క కట్టు.

దసరాకు వాణ్ని వెంటబెట్టుకుని రా. ఊరి చివర గడీ కప్పు కూలిపోయింది, లోపల రావిచెట్టు మొలిచింది, మేకలు తిరుగుతున్నాయి. సాయంత్రం అటు నడుద్దాం. నేనేమీ ఉపన్యాసం చెప్పను. అవ్వ వడ్లు దంచిన రోలు ఇంకా అక్కడే ఉంది, అది చూపిస్తాను, చాలు. ఇంటికొచ్చాక మీ పెద్దమ్మ వడ్డిస్తుంది. మీ ఇద్దరి ఫోన్లూ అల్మారాలో పెట్టి తాళం నా మొలలో దోపుకుంటాను. అన్నం ముందు కూర్చున్న మనిషిని ఎవరూ లేపకూడదు. అవ్వ ఈ ఇంట్లో పెట్టిన నియమం అదొక్కటే.

మీ పెద్దబాపు